ఆటలో చిన్నమ్మ ముఖం

మా అమ్మ చెల్లెలిని నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆమె నాచారంలో మా ఇంటికి వచ్చి ఉండడం మొదలుపెట్టిన నాటికి ఆమె ముఖం మీద మచ్చలు మూడే. కుడి కనుబొమ్మ చివర ఒకటి, పై పెదవి మూలన ఒకటి, గడ్డం కింద కాస్త పెద్దది ఒకటి. బొల్లి అనే మాట మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. అమ్మ "మచ్చలు" అనేది. నాన్న అదీ అనేవాడు కాదు.

మల్లాపూర్ అవతల ఒక కాలనీలోని చిన్న ప్రైవేటు బడిలో చిన్నమ్మ పదకొండేళ్లు సోషల్ చెప్పింది. ఒకరోజు బడి యజమాని పిలిచి, పిల్లలకు అంటుకుంటుందేమోనని కొందరు తల్లులు భయపడుతున్నారని, "కొన్ని రోజులు రెస్ట్ తీసుకోండి మేడం" అని చెప్పాడు. అది అంటుకునేది కాదని డాక్టర్ రాసిచ్చిన కాగితం అప్పుడు ఆమె బ్యాగులోనే ఉంది. బయటికి తీయలేదు.

"ఎందుకు సూపియ్యలేదే?" అని అమ్మ అడిగింది.

"పదకొండేండ్ల సంది నన్ను సూస్తనే ఉండు. కాయితం జూసి నమ్ముతడా అక్కా?" అంది చిన్నమ్మ.

అప్పుడామెకు ముప్పై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఆ సంగతి ఎత్తేవాళ్లు కూడా ఎప్పుడో ఎత్తడం మానేశారు. ఒక ట్రంకు పెట్టె, రెండు సంచుల పుస్తకాలు తెచ్చుకుని నేనుండే గదిలోనే సర్దుకుంది.

నేను డిగ్రీ చదువుతూ ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మల్టీమీడియా కోర్సు చేస్తున్నాను. నాన్న రైల్వేలో గుమాస్తా. అమ్మ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. మధ్యాహ్నాలు ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం. నాన్న తెచ్చిన పాత కంప్యూటర్ మా గదిలో కిటికీ పక్కన ఉండేది. నా క్లాస్‌మేట్ ఇచ్చిన సీడీలో ఒక ఆట ఉంది. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న ఆట. అందులో మొదట మనమొక మనిషిని తయారుచేసుకోవాలి. పేరు, పని, బలం, ముఖం అన్నీ మనమే ఎంచుకోవాలి. తర్వాత ఆ మనిషి ఊళ్లు తిరుగుతుంది, తోడు మనుషులు చేరతారు. తెర అంచున వాళ్ల ముఖాలన్నీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దెబ్బ తగిలితే ఆ ముఖం ఎర్రబడుతుంది, చనిపోతే బూడిద రంగుకు తిరుగుతుంది.

చిన్నమ్మ మొదట్లో నా వెనక మంచం మీద కూర్చుని చూసేది. ఇంగ్లీషులో వచ్చే సంభాషణలు పైకి చదివేది, తెలియని మాటలకు డిక్షనరీ తీసేది. వారం తిరక్కుండానే కుర్చీ ఆమెది, మంచం నాది అయింది. అయితే తన కోసం కొత్త మనిషిని మొదలుపెట్టమన్నప్పుడు ముఖాల దగ్గర ఆగిపోయింది. ఆటలో ముప్పైకి పైగా ఆడ ముఖాలున్నాయి. అన్నింటినీ ఒకటొకటిగా తిప్పి చూసింది.

"గీళ్లల్ల మనసొంటోళ్లు ఒక్కరు గూడ లేరు గదనే" అంది.

కోర్సులో నేర్చుకున్న పని చూపించే అవకాశం దొరికిందని నాకు సంబరమైంది. ఆ ఆటలో మన సొంత బొమ్మ పెట్టుకోవచ్చు. ఒక పెద్ద బొమ్మ, ఒక చిన్న బొమ్మ అది అడిగిన కొలతలో చేసి, ఒక ఫోల్డర్‌లో పెడితే చాలు. చిన్నమ్మ ట్రంకు పెట్టెలో మచ్చలు రాకముందు, బి.ఎడ్ చదివేటప్పుడు దిగిన ఫోటో ఉంది. ఆమెకు చెప్పకుండా తీసుకెళ్లి ఇన్‌స్టిట్యూట్‌లో స్కాన్ చేయించాను. మౌస్‌తో ఆ ముఖం మీద రంగులు వేశాను. భుజాల మీద ఇనుప కవచం, వెనక సాయంకాలపు ఆకాశం. మూడు రోజులు పట్టింది. నిజంగా బాగా వచ్చింది.

చూపించినప్పుడు ఆమె తెర దగ్గరికి కుర్చీ లాక్కుంది.

"మంచిగున్నది. ఎవరు?"

"నువ్వే చిన్నమ్మా."

"నేనా?" నా వైపు తిరిగింది. "నేను నీ ఎదురుంగనే కూసుంటున్న గదనే రోజూ. మరి ఆ పాత ఫోటో ఎందుకు సూడవడితివి?"

కారణం ఉంది కాని, చెప్పగలిగేది కాదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి కంప్యూటర్ దగ్గరికి రాలేదు. సాయంత్రం సంగతి విని అమ్మ నా వైపే మాట్లాడింది. "పిల్ల ప్రేమతోని జేస్తే గట్ల ముడుసుకుంటవేందే?" అని చెల్లెలిని మందలించింది. చిన్నమ్మ తల వంచుకుని విన్నది. అమ్మ నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

పది రోజులు గడిచాక నేనే అడిగాను. "చిన్నమ్మా, తప్పయింది. కిటికీ కాడ కూసో. నిన్ను జూసుకుంట ఏస్త."

కూర్చుంది. నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నప్పుడు నాకొక విషయం తెలిసింది. ఆమె మా ఇంటికి వచ్చి నాలుగు నెలలైనా నేను ఒక్కసారి కూడా ఆమె ముఖాన్ని నేరుగా చూడలేదు. మాట్లాడేటప్పుడు ఆమె చెవి కమ్మను చూసేదాన్ని. అమ్మ ఆమె చేతులను చూసేది. ఇంట్లో మేమందరం ఏదో ఒక చోటు చూసుకుని పెట్టుకున్నాం.

మచ్చ అంచులు గీసినట్టు ఉండవని ఆ మధ్యాహ్నం తెలిసింది. తెలుపు మొదలయ్యే చోట చర్మం ముందు ఇంకాస్త నల్లబడుతుంది. మధ్యలో అక్కడక్కడ ఆవగింజల్లా అసలు రంగు మిగిలి ఉంటుంది. కనుబొమ్మ చివర వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి. నేను తెరమీద వేసిన మొదటి బొమ్మ చూసి, "సున్నం గొట్టినట్టున్నది" అంది. రెండోది చూసి, "బొబ్బ లెక్కున్నది" అంది. తర్వాత తనే నా వేలు పట్టుకుని పెదవి మూలన ఉన్న మచ్చ అంచు మీద పెట్టింది. "జర తడిమి సూడు. ఎత్తు లేదు, పల్లం లేదు. తోలు గదే, రంగే లేదు."

నేను వేలు తీసేయబోయాను. ఆమెకు తెలిసే ఉంటుంది. చేయి వదల్లేదు.

ఆ బొమ్మకు తొమ్మిది మధ్యాహ్నాలు పట్టాయి. ఎండాకాలం కావడంతో మధ్యలో కరెంటు పోయేది. పోయినప్పుడు ఇద్దరం గుమ్మంలో కూర్చుని మళ్లీ వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లం. ఆటకు కావలసిన చిన్న బొమ్మ చేసేసరికి ఇంకో చిక్కు వచ్చింది. ఆ కొలతకు కుదిస్తే మచ్చలు కనిపించకుండా పోతున్నాయి. పెద్దవి చేసి చూపించనా అని అడిగాను.

"వద్దు. ఎంతున్నయో అంతే ఉండనియ్యి. దూరంకెళ్లి సూస్తే నేను గూడ గట్లనే గనవడత."

ఆ ముఖంతో ఆట మొదలుపెట్టింది. బరువైన గద పట్టుకుని, గాయాలు మాన్పే మంత్రాలు తెలిసిన మనిషిని చేసుకుంది. గుహల్లో దెబ్బలు తిని తన ముఖం కింది నుంచి పైకి ఎర్రబడుతుంటే నిట్టూర్చేది, కాని వెనక్కి పరిగెత్తించేది కాదు. ఒక ఊళ్లో సత్రం నడిపే ఆమెతో, కమ్మరితో, గుడి పూజారితో వరసగా మాట్లాడి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఈ ఊర్ల ఎవ్వరు అడుగుతలేరు."

"ఏం అడుగుతలేరు?"

"మొహానికేమైందని."

ఆ ఆటలోని మనుషులకు మనం ఏ బొమ్మ పెట్టామో తెలియదని నేను చెప్పలేదు. ఆమెకూ తెలుసు.

అప్పట్లో దవాఖానాలో ఇచ్చిన మందు రాసుకుని పొద్దున ఎండలో కూర్చోమన్నారు. మేడ మీద పీట వేసుకుని సూర్యుడి వైపు ముఖం పెట్టి కూర్చునేది. నిమిషాలు లెక్కపెట్టడానికి నాన్న వాచీ తీసుకెళ్లేది. ఒకసారి ఎండ ఎక్కువై చెంప మీద బొబ్బలు లేచాయి. అవి మానాక ఆ చోటు కూడా తెల్లగానే మిగిలింది. ఏడాదిన్నర తర్వాత మందు మానేసింది. అమ్మ ఎంత బతిమాలినా మళ్లీ ముట్టలేదు.

మచ్చలు పాకాయి. కొన్ని నెలలకొకసారి, "బొమ్మ మార్చాలె" అని తనే గుర్తుచేసేది. పాతది అలాగే ఉంచి, దాని నకలు మీద దిద్దేవాళ్లం. రెండేళ్లకు నా సాయం అవసరం లేకుండా పోయింది. చిన్న అద్దం మానిటర్‌కు ఆనించి పెట్టుకుని తనే దిద్దుకునేది. పిల్లలకు మ్యాపులు గీసి నేర్పిన చెయ్యి. మచ్చలను కూడా తీరరేఖలు గీసినంత ఓపికగా గీసేది.

ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చాక ఆ ఆట ఆడేవాళ్లు బొమ్మలు ఇచ్చిపుచ్చుకునే వెబ్‌సైట్‌లో, ఆమెను అడిగే, ఒక బొమ్మ పెట్టాను. నలుగురైదుగురు బాగుందన్నారు. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి రాశాడు: ముఖం చాలా అందంగా ఉంది, తన ఆటలో వాడుకోవాలని ఉంది, ఆ తెల్లమచ్చలు లేకుండా ఒకటి చేసి ఇవ్వగలరా అని. మర్యాదగానే రాశాడు. చదివి నాకు ఒళ్లు మండింది. ఘాటుగా జవాబు రాయబోతుంటే చిన్నమ్మ నా చేయి పట్టుకుంది.

"జరుగు. నేను జేస్త."

కుర్చీలో కూర్చుంది. పక్కనున్న గోధుమ రంగు తీసుకుని మచ్చలను ఒక్కొక్కటిగా మూయడం మొదలుపెట్టింది. ముందు గడ్డం, తర్వాత చెంప, పెదవి మూల, కనుబొమ్మ. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. ఆపమని అడగాలనిపించింది, అడగలేదు. సాయంత్రం నీళ్ల బండి వచ్చి వెళ్లింది, బిందెలు పట్టడానికి కూడా మేం లేవలేదు. అంతా అయ్యాక ఆమె ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయింది.

"గిట్లనే ఉంటుంటి" అంది. తర్వాత, "పంపు" అంది.

"ఎందుకు చిన్నమ్మా? వాడెవడో..."

"వాని ఆట వానిది. పంపు."

పంపాను. ఆమె మేడ మీదికి వెళ్లింది. కాసేపటికి టీ తీసుకుని వెళితే నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఏడుస్తోంది. నన్ను చూసి కళ్లు తుడుచుకోలేదు. టీ తీసుకుని, తాగుతూనే ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. ఆమె ఏడవడం చూడడం నాకు అదొక్కసారే.

కోర్సు అయ్యాక నాకు ఆటలకు బొమ్మలు వేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. యోధులు, మంత్రగత్తెలు, దొంగలు, రోజంతా ముఖాలే. ముఖం మీద గాటు ఉన్న ఆడమనిషిని గీసి పంపితే, గాటు తీసేయమని పైనుంచి మెయిల్ వచ్చేది. తీసేసేదాన్ని. అది నా ఉద్యోగం. మొదట్లో ఆ సంగతి చిన్నమ్మకు చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఒకరోజు చెప్తే, "తీసినంక గూడ ఆమె లెక్కనే ఉన్నదా?" అని మాత్రం అడిగింది. నేను ఆలోచించి, లేదన్నాను.

ఉద్యమం నడిచిన ఏళ్లలో బందులకు బడులు తరచూ మూతపడేవి. పరీక్షలు దగ్గరపడుతున్నాయని మా వీధిలో తల్లులే పిల్లలను చిన్నమ్మ దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. ముందు ఇద్దరు, తర్వాత పద్నాలుగు మంది. అప్పటికి ఆమె ముఖంలో తెలుపే ఎక్కువ. నుదుటి మీద, ముక్కు పక్కన గోధుమ రంగు దీవుల్లా మిగిలింది. ఒక పిల్ల, "టీచర్, మీకు నొప్పి పెడ్తదా?" అని అడిగింది. "లేదు బిడ్డా. ఎండకు జర మండుతది" అని చెప్పి పాఠంలోకి వెళ్లింది.

ఆ దీవులు కూడా ఒకటొకటిగా పోయాయి. ముఖం, మెడ, చేతులు అంతా ఒకే తెలుపు. ఘట్‌కేసర్ దగ్గర కొత్తగా కట్టిన ఇళ్ల మధ్య ఒక బడిలో టీచర్ కావాలంటే వెళ్లింది. ఉద్యోగం ఇచ్చారు. మొదటి వారం ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే అమ్మ పక్కన గడప మీద కూర్చుంది.

"కొత్త మేడం ఒకామె ఏమన్నదో ఎరికేనా అక్కా? 'మీరెంత తెల్లగున్నరు, మీ ఇంట్ల అందరు గిట్లనేనా' అన్నది."

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"నాకు నల్లగుండే అక్క ఉన్నదని జెప్పిన," అంది చిన్నమ్మ. "నేను గూడ గంతే నల్లగుంటినని జెప్తే నమ్మలే." అమ్మ చేతిని తన చేతి పక్కన పెట్టుకుని చూసుకుంది. అమ్మ ఆ చేతిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వాళ్లిద్దరూ అలా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు, బడులు తెరవబోయే ముందు ఒక ఆదివారం, "బొమ్మ మార్చక మస్తు రోజులాయె" అంది. ఆట ఆడడం ఎప్పుడో తగ్గించింది, తెర చూస్తే కళ్లు లాగుతాయని. బొమ్మ మాత్రం కావాలంది. ఈసారి నన్నే వేయమంది. ఇప్పుడు నా దగ్గర మంచి కంప్యూటర్, తెరమీద నేరుగా గీసే కలం ఉన్నాయి. రోజూ చేసే పని. అయినా మొదలుపెట్టలేకపోయాను. ఇన్నేళ్లు అంచులు పట్టుకుని గీశాను. ఇప్పుడు అంచులు లేవు.

"ఏడికెళ్లి మొదలువెట్టాల్నో తెలుస్తలేదు చిన్నమ్మా."

"అందరియి ఏడికెళ్లి మొదలువెడ్తవు?"

"కండ్లకెళ్లి."

"నాయి గూడ ఉన్నయి గద."

కళ్లు వేశాను. కింద సన్నని ముడతలు, లోతైన నీడ. తెలుపులో కూడా నీలం, లేత గులాబి, కిటికీ నుంచి పడే పసుపు ఉంటాయని గీస్తుంటే తెలిసింది. వీధిలో ఊరేగింపు వెళ్తోంది, డప్పులు, జెండాలు, రంగులు. పిల్లలు కేకలు వేస్తూ పరిగెత్తుతున్నారు. చిన్నమ్మ ఒకసారి కిటికీలోంచి తొంగి చూసి, మళ్లీ కూర్చుని, అలాగే కునుకు తీసింది. నేను ఆపలేదు. ఆ చప్పుడు చౌరస్తా వైపు వెళ్లిపోయాక లేచి, వెనక నిలబడి, కళ్లజోడు పెట్టుకుని తెర వైపు వంగింది.

"ముక్కు జర లావైంది" అంది.

దిద్దాను.