మాస్టరుగారు మానుకున్న దీవి

ఆ మంగళవారం ఉదయం పదకొండు గంటలకి, ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్న కటింగ్ మాస్టరుగారు ఒక బ్యాంకు ఆఫీసరు ప్యాంటు కాలు అంగుళమున్నర పొట్టి చేస్తూ, తన చొక్కా ఎడమచేతి కఫ్‌ని కూడా అందులో కలిపి కుట్టేశారు. కుట్టు శుభ్రంగా పడింది. ఎక్కడా దారం తప్పలేదు. ట్రయల్ గది తెర వెనక నిలబడ్డ ఆఫీసరు అయిందా అని అడిగారు. అయిపోయింది, తెస్తున్నానని మాస్టరుగారు లేచారు. ప్యాంటు కూడా లేచింది. ఆయన తెర సందులోంచి చెయ్యి లోపలికి చాపారు. ఆఫీసరు ప్యాంటు అందుకుని తనవైపు లాగారు. మాస్టరుగారు కూడా లోపలికి వెళ్ళారు.

కుట్టు విప్పడానికి షాపు యజమానురాలు కత్తెరని తెర కిందుగా అందించింది. బయటికి వచ్చాక మాస్టరుగారు ఎవరి మొహమూ చూడలేదు. ఆఫీసరు మాత్రం కుట్టు చాలా గట్టిగా ఉందని మెచ్చుకుని వెళ్ళారు.

ఆ షాపులో కొత్త బట్టలు కుట్టరు. ఉన్న బట్టల్నే మనిషికి తగ్గట్టు మారుస్తారు. లావైనవాళ్ళకి వదులు చేస్తారు, చిక్కినవాళ్ళకి బిగిస్తారు, చిరిగినవి కలుపుతారు. యజమానురాలు మాస్టరుగారికి స్వయానా వదిన, పోయిన అన్నగారి భార్య. "ఇది మావల్ల కాదు" అన్న మాట ఆ షాపులో వినపడకూడదని ఆవిడ నియమం. ఇస్త్రీ బల్ల దగ్గరుండేది మాస్టరుగారి భార్యకి అన్నగారు. మాస్టరుగారికి ఆయన బావ, ఆయనకి మాస్టరుగారు బావ, కాబట్టి అక్కడ "బావా" అని పిలిస్తే ఇద్దరూ తలెత్తుతారు. ఇక గుండీలు, కాజాలు చూసే ఆవిడని అందరూ గుండీలావిడ అనే అంటారు. మాస్టరుగారికి ఉన్న పేరు అరంగుళం. ఎవరి బట్ట పట్టుకున్నా లోపలి మడతలో అరంగుళం వదిలేస్తారు, రేపెప్పుడైనా విప్పుకోవచ్చని. మాటలోనూ అంతే. కాఫీ కావాలా అంటే కావాలనీ అనరు, వద్దనీ అనరు. తెస్తే తాగుతానంటారు.

కఫ్ సంగతికి వస్తే, ఆయన కన్ను ప్యాంటు మీద ఉంది గానీ బుర్ర ఉదయం ఫోనులో చదివిన వార్త దగ్గర ఆగిపోయింది. ఏటా పని తక్కువగా ఉండే రోజుల్లో షాపు పది రోజులు మూసి అందరూ కుటుంబాలతో కలిసి ఎక్కడికైనా వెళతారు. ఎక్కడికన్నది ఏడాదికొకరు చెప్పాలి. తన వంతు వచ్చినప్పుడల్లా మాస్టరుగారు మొహమాటపడి పక్కవాళ్ళకి ఇచ్చేసేవారు. ఈసారి వదిన ఒప్పుకోలేదు. దాంతో ఆయన, తన మిషను ఎదురుగా గోడ మీద పదకొండేళ్ళుగా వేలాడుతున్న పాత క్యాలెండరు వైపు వేలు చూపించారు. గోడ చెమ్మ కనపడకుండా ఉంచిన క్యాలెండరది. అందులో ఒక దీవి, ఒక తెల్లటి దీపస్తంభం. సూదిలో దారం ఎక్కించినప్పుడల్లా ఆయన చూసేది దాన్నే. వదిన వెంటనే ఆ దీవిలో ఒక పెద్ద ఇల్లు అద్దెకి మాట్లాడేసింది.

ఆ వార్త ఏమిటంటే, ఆ దీవి చట్టసభవాళ్ళు ఓటేసి తీర్మానించారు. ఇద్దరాడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో చేసుకున్న పెళ్ళి తమ నేల మీద పెళ్ళి కాదట. అలాంటి జంటకి గది లేదు పొమ్మన్నా అది నేరం కాదట.

మాస్టరుగారి కూతురు కిందటి ఏడాది ఇంకో అమ్మాయిని పెళ్ళి చేసుకుంది. ఇక్కడి చట్టం అలాంటి పెళ్ళిని ఒప్పుకుంటుంది కాబట్టి, రిజిస్ట్రారు ఆఫీసులోనే తల్లీ తండ్రీ సాక్షి సంతకాలు పెట్టారు. పెళ్ళికూతుళ్ళిద్దరి బట్టలూ మాస్టరుగారే కుట్టారు, షాపులో కాదు, ఇంట్లో, ఆదివారాలు తలుపేసుకుని. పెళ్ళి రోజున కళ్ళ పరీక్ష ఉందని సెలవు పెట్టారు. కూతురు ఊరవతల స్నేహితురాలితో కలిసి ఇల్లు తీసుకుందని షాపులో చెప్పారు. ఆ పిల్లకి మేనమామ అయిన బావకీ అదే మాట. సిగ్గుపడి కాదు. ఎవరు ఏమంటారో, అన్నది తను మింగగలడో లేదో తెలియక. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏడాది గడిచింది.

దీవికి వెళితే కూతురి మొహం చూడలేరు. మానేస్తే ఎందుకో షాపులో చెప్పాలి. పైగా ముప్పై ఏళ్ళలో తను నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క చోటు అది. ఆ నాలుగు రోజుల్లో ఆయన బరువు తగ్గారని ఇంట్లో భార్య గొడవ.

శుక్రవారం ధైర్యం చేసి, మోకాలు నొప్పిగా ఉంది, దీవికి రాలేనేమో అన్నారు. అలా అనడం ఎంత పొరపాటో వెంటనే తెలిసింది. అది ఏ వంకరనైనా సరిచేసి ఇచ్చే షాపు. మధ్యాహ్నం భోజనాల వేళకి బావ దీవికి ఫోను చేసి, మెట్లెక్కక్కర్లేని కింది గది ఖాయం చేసేశాడు. గుండీలావిడ తన తమ్ముడి చేతికర్ర తెచ్చి ఇచ్చింది. మాస్టరుగారు సోమవారం దాకా దాంతో కుంటుతూ నడిచారు. మంగళవారం మర్చిపోయి రెండో కాలితో కుంటుతూ నడిచారు. ఎవరూ గమనించనట్టే ఉన్నారు. గమనించారనే భయంతో ఆయన రెండు కాళ్ళతోనూ కుంటడం మొదలుపెట్టారు.

తరవాత, భార్యకి పడవ ప్రయాణమంటే భయమన్నారు. వదిన అక్కడికక్కడే ఆవిడకి ఫోను చేసింది. ఆవిడ, పడవంటే నాకేం భయం, చిన్నప్పుడు తెడ్డు కూడా వేశాను, ఎవరన్నారా మాట అని అటునుంచి నవ్వింది. మాస్టరుగారు దారపు ఉండ వెతికే మిషతో బల్ల కిందికి దూరారు.

చివరికి, కూతురు ఆ రోజుల్లోనే ఇంటికి వస్తోందన్నారు. ఈసారి వదిన మొహం వెలిగిపోయింది.

"దానికేంటయ్యా, దాన్నీ రమ్మను. ఆ స్నేహితురాల్ని కూడా తీసుకురమ్మను. ఇంకో రెండు మంచాలు వేయిస్తాను" అంది.

మాస్టరుగారు ఇంటికి నడుస్తూ లెక్క చూసుకున్నారు. అందరూ కలిసి వెళ్ళచ్చు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఇద్దరు స్నేహితురాళ్ళు, రెండు మంచాలు. దీపస్తంభం చూసి రావచ్చు. ఎవరికీ నష్టం లేదు. ఆలోచించిన కొద్దీ అది బాగానే ఉన్నట్టు అనిపించింది. ఇంటికి చేరగానే ఫోను చేశారు.

"అమ్మాయీ, మీ పెద్దమ్మ మీ ఇద్దర్నీ కూడా రమ్మంటోంది."

"ఇద్దర్నీ ఏమని రమ్మంది?"

"ఏమనేముంది. నీతో ఉండే అమ్మాయి అని."

అటువైపు గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.

"అంటే ఆ పది రోజులూ నా పెళ్ళాన్ని నాతో ఉండే అమ్మాయిని చేసి తీసుకురావాలా నాన్నా?"

కోపంగా అని ఉంటే ఆయనకి కొంత తేలికగా ఉండేది. మామూలుగా అడిగింది, ఉప్పు ఎంత వెయ్యాలని అడిగినట్టు. ఇంతలో రెండో అమ్మాయి ఫోను తీసుకుంది.

"మామయ్యగారూ, మీరు మా గురించి ఆలోచించకండి, హాయిగా వెళ్ళి రండి. ఎలాగూ నాకు నీళ్ళంటే పడదు" అంది.

ఆ అమ్మాయి ఉద్యోగం ఈత నేర్పడం. వారానికి ఆరు రోజులు నీళ్ళలోనే ఉంటుంది. మాస్టరుగారు ఫోను పెట్టేశారు. ఆ అబద్ధం తన మోకాలు నొప్పికి తోడబుట్టినదే. ఆయన ఆడినవి తన కోసం. ఆ పిల్ల ఆడింది కూడా ఆయన కోసమే.

మర్నాడు టీ వేళకి అందరూ మిషన్లు ఆపారు. మాస్టరుగారు లేచి నిలబడ్డారు. ఏదో చెప్పబోతున్నారని తెలిసింది గానీ, ఆయన పెదాల మధ్య గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి మణికట్టు మీది దిండుకి గుచ్చడం మొదలుపెట్టారు. పదకొండు సూదులు. ఆరో సూది దగ్గర గుండీలావిడ గ్లాసు కింద పెట్టేసింది.

"మా అమ్మాయి ఉంటున్నది స్నేహితురాలితో కాదు. వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. సాక్షి సంతకం నేనే పెట్టాను. ఆ దీవివాళ్ళు అది పెళ్ళే కాదంటున్నారు, అందుకని నేను రాను" అన్నారు.

అరంగుళం కూడా వదలకుండా ఆయన మాట్లాడటం వాళ్ళు వినడం అదే మొదలు.

ముందుగా తేరుకున్నది వదిన. పెళ్ళెప్పుడయిందని అడిగింది. కళ్ళ పరీక్షకని సెలవు పెట్టిన రోజున అని చెప్పారు. ఆవిడ మొహం మాడిపోయింది.

"నీ కళ్ళెలా ఉన్నాయని నిన్ను నాలుగు సార్లు అడిగాను. నాలుగు సార్లూ నయమే అన్నావు. ఇంట్లో పెళ్ళి చేసుకుని నన్ను పిలవలేదు. కనీసం ఫొటో చూపించలేదు" అంది.

ఆయన ఏడాది పాటు రకరకాల మాటలకి సిద్ధపడ్డారు, ఈ మాటకి తప్ప. గుండీలావిడ, ఇంతకీ ఆ రెండో అమ్మాయి వరసకి ఏమవుతుంది, కోడలా, అల్లుడా అని నిజంగానే తెలియక అడిగింది. ఇద్దర్నీ అమ్మాయీ అనే పిలుస్తామని, ఎవరు దగ్గరుంటే వాళ్ళు పలుకుతారని మాస్టరుగారు చెప్పారు.

అంతలో కమురు వాసన వచ్చింది. ఎవరిదో కిటికీ తెర మీద బావ ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది.

"మేనమామని. నాకూ చెప్పలేదు నువ్వు" అన్నాడు తెర వంక చూస్తూనే. తరవాత గొంతు పెంచాడు. "అయినా వాళ్ళ చట్టంతో మనకేం పని బావా? మనం పోయేది సముద్రం చూడ్డానికి. నువ్వు రాకపోతే ఆ దీవి మునిగిపోతుందా?"

"మునగదు బావా. నేను లేకుండా తేలనీ."

బావ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ మాస్టరుగారు ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు గుండీలావిడ చేత పంపించారు. అవి మడతలు మామూలుకన్నా పదునుగా తిరిగొచ్చాయి.

మాస్టరుగారు రాకపోతే ఎవరూ దీవికి వెళ్ళేది లేదని వదిన తేల్చేసింది. మాట్లాడిన ఇల్లు వద్దని చెప్పడానికి ఒక కాగితం నింపాలి. కారణం అన్నచోట గళ్ళున్నాయి: అనారోగ్యం, మరణం, ఇతరం. వదిన అనారోగ్యం దగ్గర టిక్కు పెట్టి గొడవ వదిలించుకుందామంది. మాస్టరుగారు వద్దన్నారు. ఎవరికీ జబ్బు చెయ్యలేదు వదినా అని కాగితం తీసుకుని, సుద్దతో పాటు చెవి మీద ఉండే పెన్సిలుతో "ఇతరం" అన్న గడిలో అసలు సంగతే రాశారు. గడి చాలక మార్జిను దాకా వెళ్ళారు. పంపించాక అటునుంచి ఏ తిట్లు వస్తాయోనని, పోస్టు పెట్టె చప్పుడైతే ఉలిక్కిపడేవారు.

తిట్లు రాలేదు. దీవిలో ఆ ఇల్లు అద్దెకిచ్చే ముసలావిడ స్వయంగా రాసింది. చట్టం తను చెయ్యలేదని, తన ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో తను అడగనని, ఈ ఏడాది ఇప్పటికే చాలామంది మానేశారని, తప్పకుండా రమ్మని. తిట్లు వచ్చినా ఆయన ఇంత బాధపడేవారు కాదు. తప్పు చేసినవాళ్ళెవరో, దెబ్బ తగిలేదెవరికో అని రెండు రోజులు సతమతమయ్యారు. రాసి చించి, మూడోసారి రాసి పంపారు: "అమ్మా, మీ మీద నాకు కోపం లేదు. మా పిల్ల పెళ్ళి మీ గుమ్మం లోపల పెళ్ళయి, గుమ్మం దాటగానే కాకుండా పోతే మాకు చాలదు. ఆ చట్టం ఎత్తేసిన రోజున కబురు చెయ్యండి, మొదట వచ్చేది మేమే." సరిగ్గా చేశారో లేదో అప్పుడూ తెలియలేదు. ఇప్పుడడిగినా, ఆవిడ సంగతి తలచుకుంటే గుండె కలుక్కుమంటుందనే అంటారు.

అంత ఆలస్యంగా వెతికితే దొరికింది చెరువు గట్టు మీది లాడ్జి ఒక్కటే. అది ఎందుకు ఖాళీగా ఉందో వెళ్ళాక తెలిసింది. వదిన అందర్నీ బయల్దేరదీసింది. బావ సంచీ సర్దుకుని వచ్చాడు గానీ బస్సులో ముందు సీటులో ఒక్కడే కూర్చున్నాడు. అమ్మాయిలిద్దరూ నేరుగా లాడ్జికి వచ్చారు.

కౌంటరు దగ్గర గుమాస్తా పెద్ద పుస్తకంలో పేర్లు రాసుకుంటూ, వీళ్ళిద్దరూ ఏమవుతారని అడిగాడు. మాస్టరుగారి వెనక బావ ఉన్నాడు. ఎదురుగా గుమాస్తా కలం ఆగి ఉంది. కూతురు, మేమిద్దరం పెళ్ళయినవాళ్ళం అంది. గుమాస్తా తలెత్తలేదు. పెద్ద మంచం ఉన్న గది ఒకటే ఉంది, దాని కిటికీ సరిగ్గా పడదు, ఫరవాలేదా అని తాళం చెవి జరిపాడు. మాస్టరుగారు పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. మోకాలా అని గుండీలావిడ అడిగింది.

వాన రెండో రోజున పట్టుకుంది, వదల్లేదు. చెరువు ఎక్కడుందో, రోడ్డు ఎక్కడుందో తెలియలేదు. ఆరో రోజు పొద్దున బావ దుప్పటి కప్పుకుని మాస్టరుగారి గది గుమ్మంలోకి వచ్చాడు, తల మీద తడి.

"ఆ దీవిలో ఎండ మండిపోతోందట, ఫోనులో చూశాను. ఇక్కడ సరిగ్గా నా మంచం మీదే కారుతోంది. ఇదంతా ఏ సుఖానికి బావా?"

"నీ మంచం కాస్త పక్కకి జరుపుకో బావా, అక్కడైతే అమ్మాయిలిద్దర్నీ గదిలోంచే జరిపేసేవాళ్ళు."