మడమ ఎముకలో రెండో గీత

దయ్యాలనూ శాపాలనూ నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరికైనా గాలి పట్టిందంటే, "ముందు కడుపుకు ఇంత సంగటి పెట్టండి, అదే దిగుతుంది" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. కానీ నా ఎడమ మడమ సంగతి మాత్రం నాకు కొరుకుడు పడదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను.

పందొమ్మిది వందల యాభైల మొదట్లో, కరువు పనులప్పుడు, ఉరవకొండ దగ్గర మట్టి రోడ్డు వేయించేవాణ్ణి. మేస్త్రీ పని కొత్త, చేతిలో బెత్తం కొత్త. విడపనకల్లు నుంచి వచ్చిన ఓబులేసు అనే కూలీ ఒకరోజు మట్టి గంపతో కట్ట మీది నుంచి జారి ఎడమ మడమ మీద పడ్డాడు. కాలు కింద పెట్టలేనన్నాడు. చూస్తే రక్తం లేదు, గాయం లేదు, కాస్త వాపు.

"నాటకాలాడొద్దు. మోస్తావా, పేరు కొట్టేయమంటావా?" అన్నాను.

ఇంట్లో ఇద్దరు పసిపిల్లలున్నారని నాకు తెలుసు. మోయక ఏం చేస్తాడు? పని ముగిసేదాకా, తొమ్మిది రోజులు, మునివేళ్ల మీద కుంటుతూ మోశాడు. మిగతా కూలీలు నవ్వాలని అతని నడకను నేను నడిచి చూపించాను కూడా.

ఆరేళ్ల తర్వాత, వానలకు కారకుండా మా మిద్దె మీద చౌడుమట్టి పోసి దిగుతుంటే నిచ్చెన మెట్టు విరిగింది. ఎడమ మడమ మీద పడ్డాను. ఇందులో వింతేమీ లేదు, నిచ్చెన పాతది.

విరిగిన ఎముకలకు కట్టు కట్టే హుసేనప్పను పిలిపించారు. అప్పటికే ఆయనకు చూపు మందగించింది, అంతా వేళ్లతోనే చూసేవాడు. ఆముదం రాసి మడమంతా తడిమి, ఒకచోట ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇది ముందే ఒకసారి విరిగిండాదే. విరిగినాక బరువు మోసినావు. వంకరగా అతుక్కోని ఉండాది."

ఎప్పుడూ విరగలేదన్నాను. పుట్టినప్పటి నుంచీ నాకు ఏ ఎముకా విరగలేదని మా అమ్మ ఒట్టేసి చెప్పింది. ఆయన వాదించలేదు. కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టేశాడు.

మూడు నెలలైనా కాలు మోపలేకపోయాను. నాయన బళ్లారిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. హుసేనప్ప అన్న మాట మేము ఆయనకు చెప్పలేదు. ఆయన ఎక్స్‌రే తీయించి, కిటికీ వెలుతురుకు పట్టి, కొత్తగా విరిగిన గీత చూపించాడు. దాని కిందే, ఎముక అణిగి ముదిరిపోయిన పాత గీత ఇంకొకటి.

"విరిగిన కాలితో బరువులు మోసినట్టున్నారు. అలా ఎవరు మోయించారండీ?" అన్నాడు.

నాయన నా మొహం చూశాడు. గుర్తు లేదన్నాను.

కర్ర ఊతంతో నడక రావడానికి ఏడాది పట్టింది. రాగానే విడపనకల్లు బస్సెక్కాను. క్షమించమని అడగాలనే వెళ్లాను.

ఓబులేసు ఇంటి ముందు కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేచి, కుంటుతూ లోపలికి పోయి మంచం తెచ్చి వాల్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు. నా కాలి వైపు చూశాడు.

"మడమా? కూర్చో మేస్త్రీ. ఆ నొప్పి పైకి కనపడదు. చెప్తే ఎవురూ నమ్మరు."

అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే జాలిపడ్డాడు. ఎత్తిపొడిచినా బాగుండేది, నాకు నోరు పెగిలేది. అతనిచ్చిన మజ్జిగ తాగి, బస్సుకు వేళయిందని లేచి వచ్చేశాను.

ఓబులేసు పోయి చాలా కాలమైంది. తర్వాత నా మడమ చూసిన డాక్టర్లందరూ రెండుసార్లు విరిగిందనే చెప్పారు. మొదటిది ఎలా విరిగిందని అడిగితే తెలియదంటాను. అది నిజమే, నాకు ఈనాటికీ తెలియదు. ఆ గీత ఎవరిదో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.