జెండాలోంచి బొరుగులు రాలే ఊరు

ఆగస్టు పదిహేను నాడు జెండాలోంచి పూలు రాలడం నేను చాలాచోట్ల చూశాను. బడుల్లో, బస్టాండ్లలో, ఒకసారి రైసుమిల్లు వాకిట్లో కూడా. ఎక్కడికి పోయినా అవే బంతిరేకులు. అందుకే అనంతపురంలో టీ అంగడి దగ్గర ఒకాయన "మా ఊర్లో జెండా ఇప్పితే బొరుగులు రాల్తాయి" అన్నప్పుడు నా గ్లాసులో టీ చల్లారిపోయింది. బొరుగులంటే కోస్తావాళ్లు మరమరాలంటారు. ఒకసారి రాజమండ్రిలో అంగడికి పోయి బొరుగులు కావాలని అడిగితే, ఆ పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి బోరు సామాన్లమ్మే దుకాణానికి దారి చూపించాడు. మా జిల్లా బోర్ల సంగతి ఎత్తితే ఈ రాత ఇక్కడే ఎండిపోతుంది కాబట్టి ఊరికి పోదాం.

ఊరి పేరు ఎర్రబండ. అనంతపురంలో తెల్లవారుజామున ఐదింటి బస్సు ఎక్కితే ఆరున్నరకల్లా కళ్యాణదుర్గంలో దిగుతాం. వందనోటు ఇస్తే చిల్లర వస్తుంది. బస్టాండు బయట ఉగ్గాని, బజ్జీ తినేసి షేర్ ఆటో ఎక్కాలి. ఉగ్గాని కూడా బొరుగులతో చేసేదే, కాబట్టి నా దేశభక్తి అక్కడే మొదలైందనుకోవచ్చు. ఆటో నిండేదాకా కదలదు. సెలవురోజు కదా, నిండటానికి ముక్కాలు గంట పట్టింది.

"జెండాకా సామీ?" అన్నాడు డ్రైవరు, ఆటో కళ్యాణదుర్గం దాటాక.

"అవునప్పా, బొరుగులు చూద్దామని."

"ఇంగేం చూస్తావు. ఈ యేడు బొరుగుల్లేవంట, పూలేనంట."

నేను లేవబోయాను. "యాడికి పోతావు? తిరిగి పోనీకె ఆటో గూడ ఇదే. కూర్చో," అన్నాడు. కూర్చున్నాను.

దారికి రెండు పక్కలా వేరుశనగ. పూత దశలో ఉంది, వాన కోసం ఆకులు ముడుచుకుని ఉంది. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. మా దగ్గర గాలికి ఏనాడూ కరువు లేదు.

ఎర్రబండలో అడుగు పెట్టగానే వేగిన ఇసుక వాసన వచ్చింది. ఆ వాసన పట్టుకుని పోతే బొరుగుల బట్టీ, దాని ముందు లింగక్క. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. పెద్ద బాణలిలో ఇసుక కాగుతోంది, అందులో ఆమె బియ్యం పోసి తిప్పితే చిటపటమని పొంగి తెల్లబడుతున్నాయి. జెండాలో బొరుగులు మొదట కట్టింది ఈమె నాయనేనని ఆటోలో చెప్పారు. కరువొచ్చిన ఒక ఏడు ఊళ్లో పువ్వన్నది దొరకలేదట. జెండా బోసిగా ఉంటుందని ఆయన బట్టీలో మిగిలిన బొరుగులు మూటగట్టి పైకి పంపాడట.

"ఆ సాయంత్రమే వాన పడిందంట కదా లింగక్కా?" అన్నాను. అదీ ఆటోలో విన్నదే.

"అబద్ధం. వాన యాడ పడింది? ఆ యేడు గింజ గూడ పండలే," అంది బాణలి మీదినుంచి తల ఎత్తకుండానే. "అయితే ఆ పొద్దు బడిపిల్లోళ్లందరి నోట్లో నాలుగు బొరుగులు పడినాయి. అది నిజం."

ఈ ఏడు ఎందుకు ఆగిపోయిందంటే, పోయిన ఏడు ఎవరో వీడియో తీసి ఫోన్లలో తిప్పారు. అది మండలాఫీసుదాకా పోయింది. జెండాలో పూలరేకులు తప్ప ఇంకేమీ పెట్టకూడదని రూలు. ఈసారి ఆఫీసరే వచ్చి చూస్తానన్నాడు. సర్పంచి రామాంజి గులాబీలు తెప్పించాడు. ఆయన బట్టీ దగ్గరికొచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"అత్తా, నా మీద కోపం పెట్టుకోవద్దు. రూలు."

"నీ మీద ఏం కోపంరా. మా నాయన పేరు ఈ పొద్దుతో పోతాది, అంతే."

"పేరు యాడికి పోతాది అత్తా?"

"బొరుగుల్లోనే ఉండాది ఆయన పేరు. బొరుగులు లేకుంటే యాడుంటాది, గులాబీల్లోనా?"

రామాంజి జెండాకట్ట వైపు వెళ్లిపోయాడు. లింగక్క గంపలోంచి గుప్పెడు బొరుగులు తీసి నా చేతిలో పోసింది. "పట్టుకో," అంది. వేడివేడిగా ఉన్నాయి. తర్వాత గంప చంకనేసుకుని వీధిలోకి నడిచింది, ప్రతి వాకిట్లో ఆగుతూ. అమ్ముకుంటోందేమో అనుకున్నాను.

తొమ్మిదింటికి జెండాకట్ట దగ్గర ఊరంతా చేరింది. అందరూ గుప్పిళ్లు బిగించుకుని ఉన్నారు. పండుగ ఆవేశం కాబోలనుకున్నాను. ఆఫీసరు ఇస్త్రీ చొక్కాలో వచ్చి తాడు లాగాడు. జెండా విచ్చుకుంది. గులాబీరేకులు రాలాయి, చాలా అందంగా, రూలు ప్రకారం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అప్పుడు లింగక్క చెయ్యి పైకి లేచింది. ఆమె వెనక ఊరి చేతులన్నీ లేచాయి. బొరుగులు! ఇన్నేళ్లూ పైనుంచి రాలినవి ఈసారి కిందినుంచి ఎగిరాయి. తెల్లగా లేచి, మా గాలికి చెదిరి, జెండాకట్ట మీదా ఆఫీసరు క్రాపు మీదా పడ్డాయి. రామాంజి కూడా జేబులోంచి గుప్పెడు తీసి చల్లాడు. ఆయనకెప్పుడిచ్చిందో తెలియదు.

నేనూ చెయ్యెత్తాను. చేతిలో ఆరో ఏడో ఉన్నాయి. మిగతావి నిలబడ్డంతసేపూ ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాను. పక్కనున్న ముసలాయన నా చెయ్యి చూసి, "ఏమప్పా, జెండాది తినేసినావా?" అన్నాడు. ఉన్నవే చల్లాను.

వెంటనే జనగణమన. ఊరంతా తలలమీద బొరుగులతో కదలకుండా నిలబడింది. అయిపోయాక అందరూ ఆఫీసరు వైపు చూశారు. ఆయన భుజం మీద బొరుగొకటి ఉంది.

"ఇది రూల్లో ఉండాదా?" అన్నాడు. ఆయనా ఈ పక్కవాడే అన్నమాట.

"జెండాలో పెట్టలేదు సార్," అంది లింగక్క. "జెండాకు పెట్టినాము."

ఆయన ఆ బొరుగు తీసి నోట్లో వేసుకున్నాడు. పిల్లలు నేలమీద రాలిన బొరుగుల మీదికి దూకారు.

తిరుగు బస్సులో నా మనసు ఆ వాన అబద్ధం చుట్టూనే తిరిగింది. వాన పడిందని చెప్పుకుంటే కథ ఎంత బాగుంటుంది! ఊరివాళ్లు అలాగే చెప్పుకుంటున్నారు, నేనూ అలాగే రాసేవాణ్ణి. లింగక్క మాత్రం సొంత నాయనకు లేని గొప్ప అంటగట్టదు. ఆకలిరోజున నాలుగు బొరుగులు పంచాడన్నదొక్కటే నిలవాలంటుంది, దానికోసం ఊరంతా గంప మోసుకు తిరుగుతుంది. మా పీఠభూమిలో చరిత్రంటే బహుశా ఇంతే: ఏ ఏడు ఏం పండలేదు, అప్పుడెవరు ఎవరికి ఏం పెట్టారు.

మీరూ పోదలిస్తే ఐదింటి బస్సే ఎక్కండి, తర్వాతిది ఎక్కితే జెండా అందదు. బస్టాండులో ఉగ్గాని కడుపునిండా తినండి. అప్పుడు లింగక్క చేతిలో పెట్టినవి తినకుండా ఉండగలరు.