బురఖా కింద మెట్టెలు

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే నా సీటులో అప్పటికే ఇద్దరు బురఖా ఆడవాళ్లున్నారు. కిటికీ పక్కనామె ముఖం తెరిచే ఉంది. నా పక్కనామెకు కళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. ఊరికే ఉండే నోరు కాదు నాది.

"ఏమ్మా, పెండ్లికొడుకు సూస్తాడని ముఖం దాసినావా?" అన్నాను.

"మా సెల్లెలు అక్కా, ఒంట్లో బాగలేదు," అంది కిటికీ ఆమె.

అంతలో ఒకాయన ఎక్కి, అందరికీ ఫోనులో ఫొటో చూపించసాగాడు. "నా పెండ్లాం. ఇల్లు ఇడిసి పోయింది. దొరికితే పానాలతో ఇడ్సను. యాడన్నా సూసినారా?"

నా పక్కనామె కాళ్లు సీటు కిందికి లాక్కుంది. కిందికి చూస్తే, ఆమె కాలివేళ్లకు వెండి మెట్టెలు! మా వైపు ముస్లింల ఇళ్లల్లో మెట్టెలు పెట్టుకోరు. 'సెల్లెలు' అన్న కిటికీ ఆమె అక్క కాదు, స్నేహితురాలు; తన బురఖా తొడిగింది గానీ వాటిని తీయించడం మరిచిపోయింది.

నా సంచిని ఆమె పాదాల మీదికి తోసి, "ఈడ సూపియ్యప్పా," అని ఫోను అందుకున్నాను. "ఇంత సక్కని పిల్ల నీకెట్ల దొరికెనప్పా!"

బస్సంతా నవ్వింది. అతను ఫోను లాక్కుని, తిట్టుకుంటూ దిగిపోయాడు.

బస్సు కదిలాక స్నేహితురాలు వంగి, సంచి జరిపి, ఆ మెట్టెలు మెల్లగా తీసేసింది. నా చెయ్యి పట్టుకుంది. వాళ్ల పేర్లు నోటిదాకా వచ్చినా అడగలేదు. నా నోరు నాకు తెలుసు.

వాళ్లు ఏ ఊర్లో దిగారో చూశాను. అది ఇక్కడ రాయను.