షడ్డకుడు బిగించిన ఇంజను

ఈ రోజు పొద్దున మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా షడ్డకుడు ఒక వీడియో పెట్టాడు. షడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. మామగారి పాత కారుకు బానెట్ ఎత్తి, ఇంజను గుడగుడమంటుంటే పక్కన నిలబడి, దాన్ని తానే కన్నట్టు నవ్వుతున్నాడు. కాఫీ చల్లారేలోపల బంధువులందరూ దండాలూ చప్పట్లూ గుప్పించేశారు. నేను ఫోను బోర్లా పెట్టేశాను. మా ఆవిడ అది చూసి, "ఇంగా చల్లారలేదా నీ కడుపుమంట?" అంది. చల్లారలేదు. ఎందుకు చల్లారాలి?

మామగారిది కళ్యాణదుర్గం. శెనక్కాయల వ్యాపారం. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో గోడౌను బోసిపోయినా, ఆ గోడౌనులో నిలబెట్టిన కారును మాత్రం రోజూ తుడిచేవారు. లోపల కూర్చుంటే పెట్రోలూ, పాత తోలు సీట్లూ, శెనగపొట్టు దుమ్మూ కలిసిన వాసన వచ్చేది. పెద్దల్లుణ్ణి నేను. నూనె మిల్లులో మోటార్ల మధ్య పెరిగినవాణ్ణి. చప్పుడు విని బేరింగు పోయిందో బెల్టు జారిందో చెప్పగలను. షడ్డకుడిది కొత్తచెరువులో బట్టల కొట్టు. అలాంటిది, కొన్నేళ్ళ కింద కారు పొగ కక్కుతోందని ఇంజను విప్పాల్సి వచ్చినప్పుడు మామగారు పిలిచింది వాణ్ణి! వాడు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడట. నన్ను పిలిచింది బిగింపు రోజున, భోజనానికి.

ఆ రోజు శుక్రవారం. "పదిన్నరకు రాహుకాలం పడ్తాది. ఆలోపల బిగించేయల్లప్పా," అని మామగారు పొద్దుటినుంచీ గోడ గడియారం కిందే తిరుగుతున్నారు. షడ్డకుడు చెమటలు కక్కుతూ ఆఖరి బోల్టు తిప్పేసరికి ముల్లు పదిన్నరను తాకబోతోంది. అత్తగారు హారతి ఇచ్చారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వాడు తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది, రెండుసార్లు దగ్గింది, చచ్చిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దగ్గు. నా మనసులో ఒక మూల సన్నాయి మోగింది. మొహం మాత్రం దిగాలుగానే పెట్టుకున్నాను.

తర్వాత జరిగింది జాతరే. వాడు ప్లగ్గులు విప్పి చూశాడు, నిప్పురవ్వ నీలంగా ఎగిరింది. కార్బురేటరు దాకా పెట్రోలు వస్తోంది. టైమింగు గుర్తులు సరిగ్గా కూర్చున్నాయి. గుమాస్తా బ్యాటరీ అన్నాడు, అత్తగారు దిష్టి అన్నారు. "తోస్తే యాడికి పోతాది?" అంటూ హమాలీలు బండిని వాకిలంతా తోశారు. బానెట్ చుట్టూ అందరూ మూగారు. నాకు అక్కడ చోటు లేదు, రమ్మన్నవాళ్ళూ లేరు. ఉక్రోషంతో కారు వెనక్కి పోయి నిలబడ్డాను. వాడు మళ్ళీ తాళం తిప్పినప్పుడు, ఊరికే, పొగగొట్టం ముందు అరచెయ్యి పెట్టాను. చేతికి గాలి తగల్లేదు. ఇంజను తిరుగుతోంది, గొట్టం మాత్రం ఊపిరి వదలడం లేదు.

నేనే కింద దూరి, పొగగొట్టం ఇంజనుకు కలిసే చోట విప్పాను. లోపలినుంచి మూరెడు గళ్ళ తువ్వాలు ముక్క బయటికొచ్చింది. ఇంజను విప్పి పెట్టిన రోజుల్లో ఎర్రదుమ్ము పడకుండా మామగారే కుక్కారట. రాహుకాలం హడావుడిలో షడ్డకుడు దాన్ని తియ్యకుండానే బిగించేశాడు. గొట్టం మళ్ళీ బిగించి బయటికొస్తూ, "బట్టలమ్మేవాడివి, బట్టనే మర్చిపోయినావు గదప్పా!" అన్నాను. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అప్పటికే వాడు తాళం తిప్పాడు, ఇంజను అందుకుంది. మామగారు కళ్ళనీళ్ళతో వాణ్ణి వాటేసుకుని, "నువ్వు బిగించిన ఇంజను పలికిందప్పా!" అన్నారు. ముందు సీట్లో వాడి పక్కన కూర్చుని ఊరంతా తిరిగొచ్చారు. సొమ్మొకడిది, సోకొకడిది. నేను వెనక సీట్లో తువ్వాలు ముక్క పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత కారు కూడా వాడికే ఇచ్చారు. నాకు కారు అక్కర్లేదు. ఆ ఒక్క మాట నన్ను అనలేదే అని ఏడుపు.

మామగారు పోయే ముందటి ఎండాకాలం, ఇద్దరం శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "ఆ పొద్దు గుడ్డ కనిపెట్టింది నేను గదా మామా. మెచ్చుకునింది వాణ్ణి."

ఆయన చేతులాపి నన్ను వింతగా చూశారు. "వాడు ఒకరు బాగుండాదంటేనే నిలబడే మనిషప్పా. అందుకే ఇంజను వానికిస్తి. నీకు పని తెలుసు. తెలిసినోనికి నేను చెప్పేదేముండాది?" అన్నారు.

నాకూ కావల్ల మామా, అనే మాట నోటిదాకా వచ్చింది. ఈ వయసులో ఇదేం అడగడమని సిగ్గేసి, ఒలిచిన గింజలు నోట్లో వేసుకున్నాను. ఇంకోసారి వచ్చినప్పుడు అడుగుదాంలే అనుకున్నాను. ఆ ఇంకోసారి రాలేదు. ఇప్పుడు నాకూ ఆయన వయసు దగ్గరపడుతోంది. నన్ను మెచ్చుకోవడానికి మిగిలినవాళ్ళందరూ నాకంటే చిన్నవాళ్ళే.