గిన్నెలో చిటికెడు ఉప్పు

మా పక్కింటి పెద్దమ్మ పోయిందన్న మాట గోడ మీదుగానే వచ్చింది. పొద్దున్నే జొన్న రొట్టెలు కొడుతున్నాను. గోడ అవతల ఆమె కోడలు, నేను వదినా అని పిలుస్తాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "అత్తమ్మ లేస్తలేదు, జర రా" అంది. నేను వెళ్లేసరికి పెద్దమ్మ పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టే ఉంది. నిద్రలోనే పోయిందన్నారు. ఇంటికొచ్చి చూస్తే పెనం మీద రొట్టె బొగ్గయింది. ఆమె ఉంటే ఆ వాసనకే, "ఓ పిల్లా, ధ్యాస ఏడ పెట్టినవే?" అని అరిచేది.

ఆమె నాకు చుట్టం కాదు. నాది పాలమూరు వైపు పల్లె. పెళ్లయ్యాక భువనగిరి గుట్ట కింది వాడకట్టులో కిరాయి ఇంట్లో దిగాం. మా ఆయన పొద్దున మోటర్లు బాగుచేసే షాపుకు పోతే చీకటి పడ్డాకే రావడం. నేను చదివింది ఏడు వరకే. కొత్తవాళ్లు కనిపిస్తే నోరు పెగలదు. నల్లా దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే బిందె నింపుకుని తల వంచుకుని వచ్చేసేదాన్ని. రెండిళ్ల మధ్య గోడ నా భుజాల ఎత్తు ఉంటుంది. దాని అవతల ఒక మనిషి ఉందని కూడా నేను చాలా రోజులు చూడలేదు.

ఆమె మాత్రం నన్ను వింది. ఒకరోజు రొట్టె కొడుతుంటే గోడ అవతలి నుంచి గొంతు వచ్చింది. "ఎవరే అది, గంత మంచిగ కొడుతున్నరు? చప్పుడు ఇంటుంటేనే ఆకలైతాంది." నేను చెయ్యి ఆపేశాను. "ఆపినవేందే? కొట్టు, కొట్టు" అంది. కాసేపటికి గోడ మీద స్టీలు గిన్నె ప్రత్యక్షమైంది. అందులో చింతకాయ తొక్కు, పైన ఎల్లిపాయ పోపు. ఆ పూట నేను పొద్దుటి రొట్టెలూ సాయంత్రం రొట్టెలూ కలిపి తినేశాను.

మరునాడు గిన్నె తిరిగి ఇవ్వాలి. ఖాళీ గిన్నె పంపకూడదని మా అమ్మ చెప్పేది. ఇంట్లో చూస్తే పిండి తప్ప ఏమీ లేదు. నెలాఖరు. ఏం తోచక గిన్నెలో చిటికెడు ఉప్పు వేసి ఆమె చేతికి అందించాను. ఆమె గిన్నెలోకి చూసింది, నన్ను చూసింది, గోడ పట్టుకుని నవ్వింది.

"ఉప్పు చేతికిస్తే కొట్లాటైతదని మీ పాలమూరుల ఎవరు చెప్పలేదా? ఇగ మనిద్దరికి ఖాయం."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడామె గొంతు తగ్గించి, "నాతోటి కొట్లాడాలంటే ముందుగాల నువ్వు నోరు తెరువాలె బిడ్డా" అంది.

అప్పటి నుంచి ఆ మాట మా ఇద్దరి మధ్య ఉండిపోయింది. ఎప్పుడైనా నేను తల ఊపి ఊరుకుంటే, "మన కొట్లాట ఎప్పుడే?" అని అడిగేది.

తొక్కు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పచ్చి చింతకాయను ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకి ఎత్తాలి. మూడు రోజులు ఊరాక తీసి, పీచూ గింజలూ ఏరి మళ్లీ దంచాలి. ఎంత ఉప్పు అని అడిగితే దోసిలి చూపించేది. "నీ దోసిలి పెద్దది గదా పెద్దమ్మా" అంటే, "నీ దోసిలి తొక్కు నీది, నా దోసిలి తొక్కు నాది" అనేది. జాడీలో చెయ్యి పెట్టే ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకుని, ఆరాయా లేదా అని చెంపకు ఆనించి చూసుకునేది. "తడి చెయ్యి పెడితే తొక్కు అలుగుతది. మొగుడు అలిగితే పొద్దుగూకేసరికి అన్నానికి వస్తడు, తొక్కు అలిగితే మళ్ల రాదు" అనేది. ఇప్పుడు నా చేయి కూడా తెలియకుండానే చెంపకు పోతుంది.

షుగర్ వచ్చిందని డాక్టరు అన్నం తగ్గించమన్నాక ఆమె నా దగ్గర రొట్టె నేర్చుకుంది. పుట్టి పెరిగింది అన్నం తినే ఇంట్లో. చల్లటి నీళ్లతో పిండి కలిపి, అంచులన్నీ పగిలిన రొట్టెను గోడ మీద పెట్టి, "గిది రొట్టెనా, ఎండిన చెరువా?" అని తనే వెక్కిరించుకునేది. నీళ్లు కళపెళా మరగాలని, పిండి ఒకేసారి కాకుండా రొట్టె రొట్టెకూ అరచేతి మొదలుతో మెదపాలని, పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో తుడవాలని చెప్పాను. అంత పెద్ద మనిషికి నేను చెప్పడం! వదిన ఫోన్‌లో వీడియో చూసి చేస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఫోను నా రొట్టె చూసి తిడతదా? గీ పిల్ల తిడతది" అంది. నేను ఎన్నడూ తిట్టలేదు. తిట్టాలని ఆమె ఎదురుచూసిందేమో.

రొట్టె ఆమెకు సరిగా రానే లేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. రొట్టె నాది, తొక్కు ఆమెది. రోజూ సాయంత్రం గుట్ట రాయి వేడి ఇంకా వాడకట్టు మీదికి కొడుతుండగానే, గోడకు అటూ ఇటూ నిలబడి తినేవాళ్లం. ఆమె పోయే ముందు సాయంత్రం కూడా తిన్నాం. ఆ గిన్నె నా దగ్గరే ఉండిపోయింది, అడుగున కొంచెం తొక్కుతో.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, కాల్చిన చోట విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అందరి మనసులూ పీకుతాయి. బగారా అన్నం, మటన్, గారెలు, లడ్డూలు పెట్టారు. కాకులు తుమ్మ చెట్టు మీద కూర్చున్నాయి కానీ దిగలేదు.

"షుగర్ మనిషికి లడ్డు పెడితే ఎట్ల దిగుతది?" అన్నారెవరో.

"పోయినోళ్లకు షుగర్ ఏంది వయ్యా!"

పెద్దమ్మ కొడుకు పక్కనే ఏడుస్తున్న చెల్లెలి వైపు చూసి, చేతులు జోడించి, "అమ్మా, చెల్లెను మంచిగ అర్సుకుంట, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కాకి కదల్లేదు. ఆయన ముఖం చూడలేకపోయాను.

నా కొంగు కింద గుడ్డలో చుట్టిన రొట్టె ఉంది, ఆ గిన్నె ఉంది. అందరూ చుట్టాలు, నేనెవరిని? రొట్టె చల్లారిపోతోంది. చల్లారితే గట్టిపడుతుంది, ఆమెకు దవడ పళ్లు లేవు. ఆ ఆలోచనే నన్ను ముందుకు తోసింది.

విస్తరిలో రొట్టె తుంచి పెట్టి, తొక్కు వేశాను. "పెద్దమ్మా" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గీ రొట్టె నీకోసమే కొట్టిన. తొక్కు నీదే. సల్లారకముందే తిను. అందరిని గిట్ల ఎండల నిలబెడితివి, గిదేం పద్ధతి? తినకపోతే ఇగ మనకు కొట్లాటే. నోరు తెరిసిన, సూడు."

వదిన వచ్చి నా చేయి పట్టుకుని వెనక్కి తీసుకుపోయింది. కాసేపటికి "ముట్టింది, ముట్టింది" అన్నారు. రొట్టె ముట్టిందన్నారు కొందరు, మటనే అన్నారు కొందరు. నేను కళ్లు తుడుచుకుంటున్నాను, చూడలేదు.

సాయంత్రం గిన్నె కడిగాను. తొక్కు అయిపోయింది, రొట్టెలు అయిపోయాయి, పొయ్యి వెలిగించే ఓపిక లేదు. ఖాళీగా పంపబుద్ధి కాలేదు. చిటికెడు ఉప్పు వేసి గోడ మీద పెట్టాను.

వదిన వచ్చి గిన్నెలోకి చూసింది. అవతల జాడీ మీద కట్టిన గుడ్డ గాలికి కదులుతోంది. "కొట్లాట ఇగ మనిద్దరికా?" అంది.

"అవు వదినా" అన్నాను.

ఆమె రెండు చేతులూ కొంగుకు తుడుచుకుని, ఆరాయా లేదా అని ఒకసారి చెంపకు ఆనించుకుని, జాడీ వైపు నడిచింది.