వరండాలో ఆగిపోయిన ఓటు

ఎనిమిదేళ్ళుగా ఒక మనిషి నన్ను మంచివాడనుకుంటోంది. నా బరువు అదే. ఎవరైనా నన్ను దొంగ అని ఉంటే ఎదురు తిరిగి నాలుగు మాటలనేసి తేలికపడేవాణ్ణి. మంచివాడన్న మాటకు ఎలా ఎదురు తిరగాలో నాకు తెలియలేదు. తెలియలేదా? ఇదిగో, మొదటి పేరాలోనే అబద్ధం. తెలుసు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. పడితే మీ మీద కూడా కోపం వస్తుంది.

నేను శాసనసభ కార్యాలయంలో, కమిటీల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఏ సభ, ఏ కమిటీ అని అడక్కండి. సభకు వచ్చిన బిల్లుల్లో కొన్నిటిని కొద్దిమంది సభ్యులున్న కమిటీకి పంపుతారు. వాళ్ళు దాన్ని క్లాజుల వారీగా చదవాలి, ఆ చట్టం ఎవరి మీద పడుతుందో వాళ్ళను పిలిచి వినాలి, మార్పులుంటే చేతులెత్తి తేల్చాలి, ఆ తరువాత సభకు నివేదిక ఇవ్వాలి. సభలో అరుపులు మీరు టీవీలో చూస్తారు. అసలు పని ఈ చిన్న గదుల్లో, టీ కప్పుల మధ్య జరుగుతుంది. దాన్ని ఎవరూ చూడరు. కాగితాలు సర్దడం, హాజరు రాయించడం, లేచిన చేతులు లెక్కపెట్టడం నా పని. ఓటుకు ముందు బయట ఉన్న సభ్యులను పిలుచుకు రావడం కూడా నా పనే. ఇది ఏ నిబంధనలోనూ లేదు. అలవాటుగా వస్తున్నది. అలవాటు మీద నడిచే పనిని చెడగొట్టడం ఎంత సులువో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఆ బిల్లు రొయ్యల చెరువులది. వరి పొలంలో చెరువు తవ్వాలంటే అప్పటిదాకా చుట్టుపక్కల రైతుల సంతకం కావాలి. పదకొండో క్లాజు ఆ సంతకాన్ని తీసేసింది. పంచాయతీ బోర్డు మీద ఒక నోటీసు అంటిస్తే చాలు. బిల్లులో అది రెండు వరుసలు. డెల్టాలో పుట్టినవాడికి ఆ రెండు వరుసల అర్థం ఇంకొకరు చెప్పక్కర్లేదు. చెరువులోని ఉప్పునీరు గట్టు దగ్గర ఆగదు. ఊటగా పక్క చేలోకి దిగుతుంది. రెండేళ్ళకు వరి ఎర్రబడుతుంది, మూడో ఏడు మొలవదు. అప్పుడు ఆ రైతు కూడా చెరువు తవ్వించుకోవాలి, లేదా పక్కవాడు అడిగిన ధరకు ఇచ్చేయాలి. నేనూ ఆ మట్టిలో పుట్టినవాణ్ణే. ఇదంతా తెలిసే చేశాను.

కమిటీలో ఒక సభ్యురాలు ఉండేవారు. మేడమ్ అనే అంటాను. బళ్ళో లెక్కలు చెప్పి, ఆ తరువాత రాజకీయాల్లోకి వచ్చారు. మొదటిసారి గెలిచారు. ఆవిడలో ఒక లోపం ఉండేది. బిల్లు చదివేవారు. నవ్వకండి, మా విభాగంలో నిజంగానే అది లోపం. చదివిన సభ్యురాలు ప్రశ్నలు వేస్తుంది. ప్రశ్న వేస్తే నేను పాత చట్టం తీయాలి, ప్రతులు తీయించాలి, అధికారుల చుట్టూ తిరగాలి. మిగతావాళ్ళు గంటలో ముగించే పనిని ఆవిడ పూటంతా చేసేవారు. నాకు విసుగు. ఆవిడ కారు గేటులోకి రాగానే నా మొహం మాడిపోయేది. ఇది ముందుగా చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన దానిలో సగం ఈ విసుగే. ఎవరైనా నాకేదో ముట్టజెప్పారేమో, ప్రమోషన్ ఆశ చూపారేమో అనుకుంటారు. అలాంటిదేమన్నా ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది.

ఆ రోజు కమిటీ బెజవాడలో, కాలువ గట్టు మీది ఒక గెస్ట్ హౌస్‌లో కూర్చుంది. ఉదయం రైతుల మాట వినాలి, మధ్యాహ్నం నుంచి క్లాజులు తేల్చాలి. మేడమ్ నియోజకవర్గమైన దివిసీమ నుంచి ఎనిమిది మంది రైతులు మొదటి బస్సుకే బయలుదేరి వచ్చారు. వాళ్ళ తరఫున నాంచారయ్య అనే ఆయన మాట్లాడాడు. ఎకరన్నర రైతు. రెండు నిమిషాల్లో ముగించాడు. ‘మా పక్కాయన చెరువు తవ్వితే నా చేను పోద్దండి. నన్నడక్కుండా తవ్వనియ్యమాకండి. అంతేనండి,’ అన్నాడు. నేను రాసిన సారాంశంలో అది ‘కొందరు రైతులు అభ్యంతరం తెలిపారు’ అయింది.

మేడమ్ పదకొండో క్లాజుకు సవరణ ముందే రాసిచ్చారు. సంతకం ఉండాల్సిందే అని. ఆ రోజు సగం మంది సభ్యులు పెళ్ళిళ్ళలో ఉన్నారు. అధ్యక్షుడు గారు కాక ఐదుగురు వచ్చారు. ఇద్దరు మేడమ్ వైపు, ఇద్దరు అధ్యక్షుడి వైపు. అధ్యక్షుడికి ఓటు రెండు పక్షాలూ సమానమైతేనే. అంటే మేడమ్ తన కుర్చీలో ఉంటే ముగ్గురికి ఇద్దరు, సవరణ నెగ్గుతుంది. లేకపోతే ఇద్దరికి ఇద్దరు, అధ్యక్షుడి ఓటుతో వీగిపోతుంది. ఈ లెక్క గదిలో అందరికీ తెలుసు. నాకు అందరికంటే ముందు తెలుసు.

సభ్యులకు భోజనాలు గదిలోకే వచ్చాయి. మేడమ్ కిటికీలోంచి చూశారు. రైతులు ఇంకా వరండాలోనే ఉన్నారు. ఫలితం తెలుసుకునే వెళ్తామని కూర్చున్నారు. వాళ్ళకు ఎవరూ ఏమీ పెట్టలేదు. నన్ను పిలిచి భోజనాలు తెప్పించమన్నారు. దగ్గర్లోని హోటల్ నుంచి పార్సిళ్ళు తెప్పించాను. ఆవిడ లేచి వడ్డించడానికి వెళ్తూ, పదకొండు రాగానే కబురు చేయమని, మరిచిపోవద్దని నాకు రెండుసార్లు చెప్పారు. అలాగేనండీ అన్నాను.

ఆవిడ వెళ్ళగానే గదిలో క్లాజులు పరుగెత్తాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. అభ్యంతరం లేదు, అభ్యంతరం లేదు. అధ్యక్షుడు గారు ఖాళీ కుర్చీ వైపు చూసి, ‘మేడమ్ గారిని పిలుస్తారా?’ అని నన్నడిగి, ఒక్క క్షణం ఆగి, ‘తొందరేం లేదులెండి, పాపం వాళ్ళతో మాట్లాడుకుంటున్నట్టున్నారు,’ అన్నారు.

మా ఆఫీసులో ఆదేశాలు నోటితో రావు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. ఆయన్ని అడిగితే ఈ రోజుకీ ‘నేనేమన్నాను, పిలవమనే కదా అన్నాను,’ అంటారు. నిజమే. పిలవమనే అన్నారు. ఆ రెండో మాటను ఆదేశంగా మార్చుకుంది నేను. నేను సమర్థుణ్ణని ఆయన అనుకోవాలి, సాయంత్రం బస్సు అందుకుని భవానీపురంలో ఇంటికి చేరాలి, ఈవిడ ప్రశ్నలు ఈ ఒక్క రోజైనా ఉండకూడదు. ఇంతే. ఎనిమిది ఇళ్ళ అన్నం ఒక పక్క, నా సాయంత్రపు బస్సు ఒక పక్క. నేను బస్సు వైపు మొగ్గాను. ఇది రాస్తుంటే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది.

వరండాలోకి వెళ్ళాను. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని నాంచారయ్య ఆకులో పెరుగు వేస్తున్నారు. నన్ను చూడగానే చెయ్యి ఆపారు.

‘పదకొండు వచ్చిందాండీ?’

‘ఇంకా లేదండీ మేడమ్. ఏడు దగ్గరే ఆగారు. అధికారులతో ఏదో చర్చ. ఇంకో అరగంట పట్టేట్టుంది.’

‘అయితే నేనూ ఇక్కడే ఓ ముద్ద తినేస్తాను. మీరు తిన్నారా?’

‘తింటానండీ. మీరు నింపాదిగా కానివ్వండి, నేనొచ్చి పిలుస్తాను కదా.’

నింపాదిగా. ఆ మాట నా నోట్లోంచి ఎంత మెత్తగా వచ్చిందో! అబద్ధం చెప్పేటప్పుడు గొంతు తడబడుతుందంటారు, నాది తడబడలేదు. అండీ, గారూ, మేడమ్ అన్నీ పొల్లుపోకుండా వచ్చాయి. మర్యాదగా మాట్లాడటం నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. అది ఇలా కూడా పనికొస్తుందని అప్పుడు తెలిసింది.

లోపలికి వెళ్ళాను. అధ్యక్షుడు గారు ఆవిడ సవరణ చదివారు. అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తమన్నారు. రెండు చేతులు లేచాయి. వ్యతిరేకంగా రెండు. నేనే లెక్కపెట్టాను. మూడో చెయ్యి గోడ అవతల అన్నం కలుపుకుంటోందని తెలిసి, రెండు అని గట్టిగా చదివాను. ఆవిడ వైపు వాళ్ళిద్దరూ తలుపు వైపు చూశారు, తరువాత నా వైపు చూశారు. వాళ్ళలో ఒకాయన అయినా ‘ఒక్క నిమిషం ఆగండి’ అని ఉండొచ్చు. అనలేదు. ఆయన మీద కూడా నాకు కోపమే. కానీ నా కోపానికి ఆయన ఎంతవరకు జవాబుదారీ? నేను పిలవడానికి వెళ్ళి ఒంటరిగా వచ్చాను కాబట్టి, ఆవిడే రాలేదనుకున్నాడు. అధ్యక్షుడు గారు తన ఓటు వేశారు. సవరణ వీగిపోయింది. క్లాజు ఉన్నది ఉన్నట్టు నిలిచింది.

ఆవిడ తడి చేతులతో లోపలికి వచ్చేసరికి పదమూడో క్లాజు నడుస్తోంది. విషయం విని నా వైపు చూశారు. చాలా వేగంగా అయిపోయిందండీ, నేను మళ్ళీ మీ దగ్గరికి బయలుదేరే లోపే, అన్నాను. రెండో అబద్ధం. ఆవిడ తల ఊపి, ‘మీరేం చేస్తారు లెండి. ఓటున్న రోజు నేను లేవకూడదు,’ అన్నారు. అసమ్మతి పత్రం రాసే హక్కు ఆవిడకుంది. నివేదికతో పాటు అది సభకు వెళ్తుంది. కాగితం కూడా ఇచ్చాను. వేళకు సీట్లో లేనిదాన్ని ఏ మొహంతో రాస్తాను అని తిరిగి ఇచ్చేశారు. అలాంటి మనిషి. అలాంటి మనిషినే మోసం చేయడం సులువు. అందుకు కూడా ఒకప్పుడు ఆవిడ మీద కోపం వచ్చేది. ఎందుకు నన్ను అనుమానించలేదు? ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే నేను చెప్పేసేవాణ్ణేమో. చూశారా, తప్పును మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే పెడుతున్నాను.

బిల్లు సభలో అలాగే చట్టమైంది. తరువాత జరిగింది దివిసీమ నుంచి వచ్చిన అర్జీల వల్ల తెలిసింది. అవి నా టేబుల్ మీదకే వచ్చేవి. నాంచారయ్య చేనుకు రెండు వైపులా చెరువులు వచ్చాయి. మూడో ఏడు నారు చచ్చిపోయింది. ఒక అర్జీ చివర ఎవరో రాశారు: మా మేడమ్ చెరువుల వాళ్ళకు అమ్ముడుపోయింది, ఓటేసే వేళకు కావాలనే బయటికొచ్చి మాకు అన్నం పెట్టింది, మేము తిన్నాం.

ఆవిడ పెట్టిన అన్నమే ఆవిడ మీద సాక్ష్యమైంది. నేను ఆ అర్జీకి నంబరు వేసి ఫైల్లో పెట్టాను. కాళ్ళు వణికాయి అని రాస్తే బాగుంటుంది, కానీ వణకలేదు. నంబరు వేసి, టీ తాగాను.

మరి ఇప్పుడెందుకు? ఈ మధ్య మంగళగిరిలో చీరల కొట్లో ఆవిడ కనిపించారు. జుట్టు పూర్తిగా నెరిసింది. పదవి లేదు, చుట్టూ మనుషులూ లేరు, వెంట ఒక్క చెల్లెలు. నన్ను గుర్తుపట్టి ఆవిడే వచ్చి పలకరించారు. చెల్లెలితో, ‘ఆ రోజు ఆకలితో ఉన్న మా వాళ్ళకు అడగ్గానే భోజనాలు తెప్పించింది ఈయనే. అంత మందిలో మనిషిలా ఉన్నది ఈయనొక్కరే,’ అన్నారు. ఆ చెల్లెలు నాకు దణ్ణం పెట్టింది. నేను తిరిగి దణ్ణం పెట్టాను. నవ్వాను కూడా. బయటికొచ్చి ఆటో ఎక్కాక నా మీద నాకు పుట్టిన అసహ్యం ఈ రోజుకీ దిగలేదు.

ఇంటికి రాగానే రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ నా పేరు లేదు. మీకు దాంతో పనిలేదు. కానీ ఇదంతా ఒప్పుకుంటూ పంపిన రెండు ఉత్తరాల మీద ఉంది, ఫోన్ నంబరుతో సహా. ఒకటి మేడమ్‌కు. ఆవిడ నుంచి జవాబు లేదు. ఉండాలని అడిగే హక్కు నాకు లేదు. రెండోది నాంచారయ్యకు, పాత అర్జీలోని చిరునామాకు. ఊళ్ళో నలుగురిలో చదివించమని రాశాను.

నాలుగో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. మొదట ఎవరో తెలియలేదు.

‘నాంచారయ్యనండి. మా ఆడమనిషి పోయినప్పుడు ఆయమ్మ పలకరించడానికొచ్చిందండి. గడప తొక్కనియ్యలేదు నేను. వీధిలో నిలబెట్టి, నీ కూడు తిన్నందుకే మా చేను పోయిందని నోటికొచ్చినట్టు తిట్టానండి. ఒక్క మాట అనలేదు, వింటా నిలబడింది,’ అన్నాడు.

నేను ఏదో అనబోయాను. అననివ్వలేదు. ఆ తరువాత తిట్టడం మొదలుపెట్టాడు. నన్ను, నా ఉద్యోగాన్ని, నేను తిన్న జీతాన్ని, నా పుట్టుకను. నేను ఫోన్ పెట్టేయలేదు. అడ్డు చెప్పలేదు. ఊపిరి అందక ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి గొంతు పోయి అతనే పెట్టేశాడు.

ఇన్నేళ్ళుగా ఆ తిట్లు ఆవిడ తింటున్నారు. ఆ పొద్దున అవి నాకు పడ్డాయి, నా పేరుతో.